రెండో డ్రాఫ్టు దగ్గర కథ మొండికేస్తే

మొదటి డ్రాఫ్టులో ఆగిపోవడం వేరు, తిరగరాసేటప్పుడు ఆగిపోవడం వేరు. మొదటిసారి కాగితం ఖాళీగా ఉంటుంది కాబట్టి ఏదో ఒకటి రాసి పడేస్తే బండి కదులుతుంది. రెండోసారి కథంతా ఎదురుగానే ఉంటుంది. చదువుతుంటే ఎక్కడో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంటుంది. ఏ వాక్యం మీద చెయ్యి వెయ్యాలో మాత్రం తెలీదు. ఫైలు తెరుస్తాం, మొదటి పేరాలో ఒక మాట మారుస్తాం, మూసేస్తాం. మర్నాడు అదే మాటను మళ్ళీ వెనక్కి మారుస్తాం. వారాలు గడిచిపోతాయి.

"మూడ్ లేదు", "ఐడియా రావట్లేదు" అని దీనికి పేరు పెట్టుకోవడం నాకు నచ్చదు. తిరగరాత ఆగిపోవడానికి ఊహ ఎండిపోవడం కారణం కావడం చాలా అరుదు. కథ గురించి తీసుకోవలసిన నిర్ణయం ఒకటి పక్కన పెట్టేసి, దాని బదులు మాటలు దిద్దుతూ కూర్చుంటాం. ఎక్కువసార్లు జరిగేది ఇదే.

నేను పొద్దంతా ఆఫీసులో లెక్కలు చూసి, రాత్రిళ్ళు కథలు రాసుకునే మనిషిని. ట్రయల్ బ్యాలెన్సు, అంటే ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాల పట్టిక, రెండు వైపులా కలవకపోతే మేం కింద టోటల్ దిద్దం. తేడా ఎంత వచ్చిందో చూస్తాం. అది తొమ్మిదితో శేషం లేకుండా పోతే, ఎక్కడో 54 వెయ్యాల్సిన చోట 45 పడిందేమోనని వెతుకుతాం. తేడాలో సరిగ్గా సగం మొత్తం ఎక్కడైనా కనిపిస్తే, డెబిట్‌లో వెయ్యాల్సింది క్రెడిట్‌లో వేశారేమో చూస్తాం. తేడా తీరును బట్టి వెతికే చోటు మారుతుంది. కథ దగ్గరా నేను అదే చేస్తాను. ఎలా ఆగిపోయానో చూసుకున్నాకే దిద్దడం మొదలుపెడతాను.

ఏ రకంగా ఆగిపోయారు?

కథ మొదటి నుంచి చివరిదాకా చదివినా ఎక్కడా ఏమీ తగలట్లేదు, బాగుందో లేదో కూడా తెలియట్లేదు అంటే కళ్ళు అలవాటు పడిపోయాయి. కథ కంఠతా వచ్చేసింది. ఇది పెద్ద జబ్బు కాదు.

ప్రతిసారీ ఒకే సీను దగ్గర ఆగుతున్నారు, దాన్ని ఎన్ని రకాలుగా రాసినా చప్పగానే ఉంటోంది అంటే అక్కడ నిర్ణయం ఏదో బాకీ ఉంది.

కథ బాగానే ఉంది గానీ ముట్టుకుంటే పాడవుతుందేమోనని చెయ్యి వెనక్కి పోతోంది అంటే అది భయం. నలుగురికి చూపించి, నలుగురు చెప్పిన నాలుగు మాటలూ విన్నాక కథ మనది కానట్టు అనిపిస్తోంది అంటే అది ఇంకో గొడవ.

ఏ రకమో తేలనప్పుడు ఇలా చేసి చూడండి. కథ మూసేయండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, కథ మొత్తం నోటితో చెప్పండి. ఎదురుగా మనిషి కూర్చున్నట్టే, "అప్పుడు ఆవిడ ఏం చేసిందంటే" అంటూ. చిన్నకథకు ఐదారు నిమిషాలు చాలు. తర్వాత అది వినండి. మీరు గుక్క తిప్పుకోకుండా చెప్పిన భాగాలు కాగితం మీద కూడా బలంగానే ఉంటాయి. "అంటే... ఇక్కడ ఏదో మాట్లాడుకుంటారు, ఆ తర్వాత..." అని దాటేసిన చోటు ఒకటి కచ్చితంగా దొరుకుతుంది. పెన్సిల్‌తో అక్కడ గీత పెట్టుకోండి.

దీంట్లో ఇంకో గమ్మత్తు కూడా ఉంది. నోటితో చెప్పేటప్పుడు కొన్ని సీన్లు అసలు గుర్తే రావు. కాగితం మీద రెండు పేజీలు ఆక్రమించిన సీను నోట్లోకి రాలేదంటే, కథకు దాని అవసరం ఎంతుందో ఆలోచించాల్సిందే.

ఒక సీనును దగ్గరగా చూద్దాం

మాటల్లో చెప్తే తేలిగ్గానే ఉంటుంది కాబట్టి నా కథ ఒకదాంట్లోంచి ఒక ముక్క చూపిస్తాను. సుజాత అనే అమ్మాయి. అన్న చనిపోయాడు. అతని ఫోను ఆమె దగ్గర ఉండిపోయింది. కొన్నాళ్ళకు వదిన వచ్చి ఆ ఫోను అడుగుతుంది. కథకు ఆయువుపట్టు లాంటి సీను ఇదే. డ్రాఫ్టులో ఇలా ఉండేది:

"వదిన లోపలికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు మౌనంగా ఉండి, 'మీ అన్నయ్య ఫోను నీ దగ్గరే ఉందటగా?' అంది బాధగా. సుజాత గుండె ఝల్లుమంది. 'ఉంది వదినా' అంది మెల్లగా. 'అందులో మా ఫొటోలున్నాయి' అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. సుజాత ఏం మాట్లాడాలో తెలియక తల దించుకుంది."

ఇందులో తప్పేమీ లేదు. అదే దీనితో ఇబ్బంది. 'బాధగా' తీసి 'నెమ్మదిగా' పెట్టినా, 'గుండె ఝల్లుమంది' బదులు 'ఒళ్ళు జలదరించింది' అన్నా, వదినను కుర్చీలో కాకుండా మంచం మీద కూర్చోబెట్టినా రవ్వంత తేడా రాలేదు. సీను చచ్చినట్టు పడి ఉంది.

అప్పుడు వాక్యాలు వదిలేసి ఒక తెల్లకాగితం మీద ప్రశ్నలు రాయడం మొదలుపెట్టాను. సీనులో ఉన్న ప్రతి మనిషి గురించీ మూడు ప్రశ్నలు. ఇతనికి ఏం కావాలి? ఇతనికి ఏం తెలుసు? ఎదుటివాళ్ళకు తెలియకూడదని ఏం దాస్తున్నాడు? వదిన గురించి జవాబులు టకటకా వచ్చాయి. సుజాత దగ్గరికి వచ్చేసరికి రెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. ఫోనులో మెసేజీలు సుజాత చదివిందా, లేదా?

డ్రాఫ్టులో రెండూ ఉన్నాయి. మొదటి పేజీలో ఆమె ఫోనును జ్ఞాపకంగా దాచుకున్నట్టు ఉంది, అంటే చదవలేదు. మూడో పేజీలో వదిన పేరు వినగానే ఆమె తత్తరపడుతుంది, అంటే చదివింది. చదవని మనిషికి గుండె ఝల్లుమనాల్సిన పని లేదు. చదివిన మనిషి ఊరికే తల దించుకుని కూర్చోదు. ఈ రెండు సుజాతలూ ఒకే కుర్చీలో కూర్చుంటే సీను ఎలా కదులుతుంది?

చదివిందనే నిర్ణయించాను. మరి ఏం చదివింది? తన జబ్బు ముదిరిందని అన్నకు నెలల ముందే తెలుసు. ఆ సంగతి ఒక స్నేహితుడికి చెప్పాడు, భార్యకు చెప్పలేదు. ఇప్పుడది సుజాతకు తెలుసు, వదినకు తెలీదు. ఇంత తేలాక సీను ఒక్క కూర్చోడంలో పూర్తయింది:

"'ఫోను నీ దగ్గరే ఉందటగా.'
'చార్జింగ్ లేదు వదినా.'
వదిన గోడ వైపు చూసింది. చార్జరు ప్లగ్గుకే వేలాడుతోంది.
'ఫొటోలు తీసుకుని ఇచ్చేస్తాను.'
'నేనే పంపిస్తాను. ఏవి కావాలో చెప్పండి.'
'ఏవి ఉన్నాయో తెలిస్తే కదా చెప్పడానికి.'"

'బాధగా', 'మెల్లగా' ఎటు పోయాయో చూడండి. నేను పనిగట్టుకుని తీసెయ్యలేదు, వాటికి పని లేకుండా పోయింది. క్రియావిశేషణాలు తగ్గించమని అందరూ సలహా ఇస్తారు. అది నిజమే గానీ, అవి ఎందుకు చేరాయో చూడకుండా ఏరెయ్యడం దండగ. సంభాషణలో బలం లేని చోటే మనం 'గా'లు తెచ్చి అతికిస్తాం. ఒక పేజీలో అవి గుంపుగా కనిపించాయంటే, ఆ సీనులో ఎవరికి ఏం కావాలో మనకే తెలియదని అనుమానించవచ్చు.

ఇంకోటి గమనించండి. బాకీ ఉన్న నిర్ణయం మనం ఆగిపోయిన చోట లేదు. అది మొదటి పేజీలో ఉంది. ఫోను జ్ఞాపకంగా దాచుకుందన్న వాక్యం ఉన్నంతకాలం మూడో పేజీ కుదరదు. అందుకే ఒక సీను మొండికేస్తే దాన్నే పట్టుకుని వేలాడకుండా, దానికి ముందు ఆ పాత్ర కనిపించిన చోట్లన్నీ ఒకసారి చదివి రావాలి.

చీటీల పద్ధతి

కథ పెద్దదైనా, నవల అయినా నోటితో చెప్పడం కుదరదు. అప్పుడు ప్రతి సీనుకూ ఒక చీటీ తీసుకుని రెండే వాక్యాలు రాయండి. సీను మొదలయ్యేటప్పుడు పరిస్థితి ఏమిటి, ముగిసేటప్పుడు ఏమిటి. "రవి ఆఫీసుకు వెళ్ళాడు, బాసుతో గొడవపడ్డాడు" అని జరిగింది రాయకూడదు. "మొదట్లో ఉద్యోగం మానాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు, చివరికి మానలేని పరిస్థితిలో పడ్డాడు" అన్నట్టు మార్పు రాయాలి. రెండు వాక్యాలూ ఒకేలా వస్తే ఆ సీనులో ఏమీ మారలేదు. అలాంటి సీను అందంగా ఉండొచ్చు, వర్ణన బ్రహ్మాండంగా ఉండొచ్చు. దానికి ముందున్న సీనులోనో తర్వాతి సీనులోనో అందులోని మంచి వాక్యాలు రెండు మూడు ఇముడుతాయేమో చూడండి.

చీటీలు నేల మీద పరిచి, వరస మార్చి కూడా చూడవచ్చు. మూడోది మొదటికి తెస్తే ఏమవుతుంది? నా కథల్లో ఎత్తుగడ తరచూ రెండో పేజీ మధ్యలో దాక్కుని ఉంటుంది. మొదటి పేజీ అంతా నేను గొంతు సవరించుకోవడమే.

మీరు, నువ్వు, వచ్చాడు, వచ్చారు

తెలుగులో రాసేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. మన తడబాటు క్రియాపదాల్లోనే బయటపడిపోతుంది. తండ్రి పాత్ర గురించి కథకుడు ఒకచోట 'నాన్న వచ్చారు' అని, ఇంకోచోట 'నాన్న వచ్చాడు' అని అంటున్నాడనుకోండి. ప్రూఫు దిద్దే మనిషి దాన్ని పొరపాటనుకుని అంతా ఒకేలా చేసేస్తాడు. మీరు మాత్రం ఆ తొందర పడొద్దు. ఎక్కడ 'వచ్చారు' అయ్యింది, ఎక్కడ 'వచ్చాడు' అయ్యింది, వరసగా చూడండి. కోపం వచ్చిన చోటల్లా 'వచ్చాడు' అయిందా? అయితే ఆ కథ కొడుకు గొంతులో ఉండాలని అడుగుతోంది, మీరేమో దూరంగా నిలబడి మర్యాదగా చెప్పబోతున్నారు. ఎవరి కళ్ళతో చూస్తున్నామో తేల్చుకుంటే మిగతాది అదే సర్దుకుంటుంది.

సంభాషణల్లోనూ అంతే. ఎవరు ఎవరిని 'నువ్వు' అంటారు, ఎవరు 'మీరు' అంటారు, ఎక్కడ మారుతుంది, ఇవి పాత్రల పేర్ల పక్కన ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పది పేజీల పాటు 'నువ్వు' అన్న మనిషి ఒక్కసారిగా 'మీరు' అంటే దానికి మించిన క్లైమాక్సు అక్కర్లేదు. కానీ అది మీకు తెలిసి జరగాలి.

వాక్యం లోపల ఇంకో చిక్కుంది. 'లేచి, వెళ్ళి, తలుపు తీసి, బయటికి చూసి, నిట్టూర్చి' అని గొలుసు కట్టుకుంటూ పోవడం మన భాషలో మహా తేలిక. ఆ గొలుసులో అన్ని పనులకూ ఒకే బరువు పడుతుంది. నిట్టూర్పు ముఖ్యమైతే దానికి సొంత వాక్యం ఇవ్వాలి. ముఖ్యం కాకపోతే మొత్తం గొలుసు 'తలుపు తీసి చూసింది' దగ్గర ఆగిపోవచ్చు. పైన నా డ్రాఫ్టులో వదిన 'వచ్చి, లాక్కుని, కూర్చుని, ఉండి' మాట్లాడింది. రెండో దాంట్లో ఆవిడ నేరుగా మాట్లాడింది. ఎలా కూర్చుందో పాఠకుడు ఊహించుకుంటాడు.

కళ్ళు అలవాటు పడిపోతే

దీనికి మందులు చాలానే ఉన్నాయి, అన్నీ చిన్నవే. కొన్నాళ్ళు పక్కన పెట్టడం అందరికీ తెలిసిందే. ఎన్నాళ్ళంటే, ఏదైనా ఒక వాక్యం చదివి 'ఇది నేనే రాశానా' అనిపించేదాకా. మరీ ఏళ్ళు పెట్టకండి. అప్పటికి ఆ కథ రాసిన మనిషి మనలో మిగలడు.

అంత టైము లేకపోతే ఫాంటు మార్చండి, సైజు పెంచండి, ప్రింటు తీసి స్క్రీను ముందు కాకుండా వేరే చోట కూర్చుని చదవండి. ఫోన్‌లో తెలుగు చదివి వినిపించే గొంతు ఉంటుంది కదా, దానికి అప్పగించండి. దానికి భావం పలకదు. అదే మనకు కావలసింది. మనం చదివితే లేని భావాన్ని గొంతుతో పూడ్చేస్తాం. ఆ యంత్రం గొంతులో కూడా నిలబడిన వాక్యం నిజంగా నిలబడినట్టే. ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ తన వాక్యాలను గదిలో పెద్దగా అరుస్తూ చదువుకునేవాడట, చెవికి ఆనని వాక్యాన్ని ఒప్పుకునేవాడు కాదు. ఇరుగుపొరుగు ఊరుకునేటట్టయితే అదీ మంచి పద్ధతే.

వీటన్నిటికంటే నాకు గట్టిగా పనిచేసేది తిరిగి టైపు చేయడం. పాత ప్రతి ప్రింటు పక్కన పెట్టుకుని, ఖాళీ డాక్యుమెంటులో మొదటి అక్షరం నుంచి మళ్ళీ కొట్టడం. కాపీ-పేస్టు పనికిరాదు. మొదటి గంట విసుగ్గా ఉంటుంది. తర్వాత ఒక వింత జరుగుతుంది: కొన్ని వాక్యాలు కొట్టడానికి వేళ్ళకు బద్ధకం వేస్తుంది. 'ఇది అవసరమా' అని వేళ్ళే అడుగుతాయి. ఆ బద్ధకాన్ని నమ్మండి. పాత ఫైలులో దిద్దుతున్నప్పుడు ప్రతి వాక్యానికీ అక్కడ ఉండే హక్కు ముందే ఉంటుంది. ఖాళీ ఫైలులో ప్రతి వాక్యం కొత్తగా లోపలికి రావాలి.

చేసిన ప్రతి మార్పునూ గీతలతో చూపించే ట్రాక్ చేంజెస్ ఆన్ చేసి సొంత కథ దిద్దుకోవడం నాకు అస్సలు పడదు. పేజీ నిండా ఎర్రగీతలు కనిపిస్తే పని చేశామన్న తృప్తి కలుగుతుంది, కథ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది ఇతరుల రాతలు దిద్దేటప్పుడు వాడుకోండి.

పాడవుతుందేమోనన్న భయం

ఈ భయానికి సగం మందు కంప్యూటర్‌లోనే ఉంది. తిరగరాత మొదలుపెట్టే ముందు ఫైలుకు ఇంకో కాపీ తీసి, పేరు చివర తేదీ పెట్టి, దాని జోలికి పోకండి. గూగుల్ డాక్స్ వాడేవాళ్ళకు పాత ప్రతులు వెర్షన్ హిస్టరీలో ఉంటాయి, అయినా విడిగా ఒక కాపీ ఉంటే మనసుకు ధైర్యం. ఇప్పుడు మీరు ఏం చేసినా పాత కథ ఎక్కడికీ పోదు.

'నీకు ముద్దొచ్చే వాక్యాలను చంపెయ్' అన్న సలహా వినే ఉంటారు. చాలామంది అమెరికన్ రచయిత ఫాక్నర్ పేరుతో చెప్తుంటారు గానీ, 1914లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన ఉపన్యాసంలో ఇంగ్లీషు రచయిత ఆర్థర్ క్విల్లర్-కౌచ్ అన్న మాట అది. సలహా మంచిదే, చంపడం అన్న మాటతోనే నాకు పేచీ. చంపాలంటే ఎవరికైనా చెయ్యి రాదు, వాక్యం అక్కడే ఉండిపోతుంది. నేను 'పక్కన పెట్టినవి' అని ఒక ఫైలు ఉంచుకుంటాను. తీసేసిన ప్రతి పేరా దాంట్లోకి వెళ్తుంది. తీసేస్తున్నాం అనుకుంటే రాని ధైర్యం, జరుపుతున్నాం అనుకుంటే వస్తుంది. అక్కడి నుంచి తిరిగి కథలోకి వచ్చిన పేరాలు బహు తక్కువ. వేరే కథకు ఎత్తుగడగా పనికొచ్చినవి కొన్ని ఉన్నాయి.

భయం ఇంకా పోకపోతే, కథలో ఎప్పటికీ చేర్చని పేజీ ఒకటి రాయండి. సుజాత వాళ్ళింటికి తను రావడానికి ముందు గంటలో వదిన ఏం చేసిందో వదిన గొంతులో రాశాను. ఆవిడ రెండుసార్లు బయల్దేరి వెనక్కి తిరిగిందని అప్పుడు తెలిసింది. ఆ పేజీ కథలో లేదు. కానీ 'ఏవి ఉన్నాయో తెలిస్తే కదా' అన్న మాట ఆ పేజీ రాయకపోతే నాకు దొరికేది కాదు.

నలుగురు నాలుగు మాటలంటే

కథ చూపించడానికి ముందు, అడిగే ప్రశ్న మార్చుకోండి. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు, లేదా తమ కథ చెప్పడం మొదలుపెడతారు. నేను అడిగేవి ఇవి: ఎక్కడ చదవడం ఆపి ఫోన్ చూసుకున్నావు? ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాల్సి వచ్చింది? కథ ఎవరి గురించి అనుకున్నావు? వీటికి జవాబు చెప్పడానికి సాహిత్యం తెలియనక్కర్లేదు, మొహమాటపడాల్సిన పనీ లేదు.

వచ్చిన జవాబులలో చోటును తీసుకోండి, కారణాన్ని పక్కన పెట్టండి. ముగ్గురు ఒకే సీను దగ్గర ఆగారు, ఒకరు పొడుగన్నారు, ఒకరు నమ్మేలా లేదన్నారు, ఇంకొకరు ఆ పాత్ర నచ్చలేదన్నారు అనుకోండి. మూడు కారణాలూ పట్టుకుని మూడు మరమ్మతులు చేస్తే సీను ముక్కలవుతుంది. ముగ్గురికీ తగిలింది ఒకటే అయ్యుండొచ్చు. అదేమిటో వెతకాల్సింది మీరే. పైన చెప్పిన మూడు ప్రశ్నలతో మళ్ళీ మొదలుపెట్టండి.

మంచి సలహా కూడా తేలిగ్గా తేలదు. డికెన్స్ తన నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' ముగింపును స్నేహితుడు బుల్వర్-లిట్టన్ మాట విని మార్చాడు. 1861లో మారిన ముగింపుతోనే పుస్తకం వచ్చింది. అసలు ముగింపును మరో స్నేహితుడు ఫోర్‌స్టర్ తాను రాసిన డికెన్స్ జీవిత చరిత్రలో బయటపెట్టాక, ఏది మేలన్న వాదన మొదలై ఇప్పటికీ నడుస్తోంది. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ సంగతి ఇంకా ఘాటైంది. 1981లో వచ్చిన ఆయన కథల సంపుటంలో ఎడిటర్ గోర్డన్ లిష్ కొన్ని కథలను సగానికి పైగా కోసేశాడు. పుస్తకానికి గొప్ప పేరొచ్చింది. కోతకు ముందు ప్రతులు 2009లో అచ్చయ్యాక, ఆ నిడివైన కథలే నచ్చాయన్న పాఠకులూ తేలారు. అంతటివాళ్ళ దగ్గరే తేలని విషయం మన కథ దగ్గర సాయంత్రానికి తేలాలని పట్టుపట్టడం అనవసరం. ఏ సలహా వింటే ఆ సీను వెంటనే రాయాలనిపిస్తుందో అది తీసుకోండి. విన్నాక ఫైలు మూసెయ్యాలనిపించే సలహాను ఈ విడతకు వదిలెయ్యండి.

ముగింపు దగ్గర

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. హెమింగ్వే తన నవల 'ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్' చివరి పేజీని 39 సార్లు తిరగరాశానని 1958లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. 2012లో వచ్చిన ఎడిషన్లో ఆ ప్రయత్నాలు 47 అచ్చువేశారు. ఆ అంకె చూసి భయపడొద్దు, ముచ్చటా పడొద్దు. అక్కడ కథ ఏమవుతుందో ఆయనకు తెలుసు, ఎలా చెప్పాలన్నదే సతాయించింది. మీకు ఏమవుతుందో తెలియకపోతే నూరు రాసినా తెగదు.

ముందు చివరి పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి చదవండి. కథ అప్పటికే అయిపోయిందా? చాలాసార్లు అయిపోయే ఉంటుంది. ఆ చివరి పేరా మనం పాఠకుడికి అర్థమయిందో లేదోనని రాసిన వివరణ. దాన్ని జరిపేసినా తేలకపోతే, మొదటి పేజీకి వెళ్ళండి. అక్కడ పాఠకుడికి ఏ ప్రశ్న వేశారు? ముగింపు ఆ ప్రశ్నకు కాకుండా మధ్యలో పుట్టిన వేరే ప్రశ్నకు జవాబు చెప్తుంటే, ముగింపునైనా మార్చాలి, ఎత్తుగడనైనా మార్చాలి. ఎత్తుగడ మార్చడమే తేలిక.

కొసమెరుపు మీద మోజున్నవాళ్ళకు ఒక పరీక్ష. ఆ రహస్యం ముందే తెలిసినవాడు కథను రెండోసారి చదివితే ఏమైనా మిగులుతుందా? మిగిలితే ఉంచండి.

అప్పటికీ కుదరకపోతే ఒక పావుగంట టైమర్ పెట్టుకుని మూడు ముగింపులు రాసెయ్యండి. ఒకటి మరీ నాటకీయంగా, ఒకటి ఏమీ జరగనట్టు, ఒకటి మీకు ఇష్టంలేని పాత్రకు మంచి జరిగేలా. మూడో దాంట్లో ఏదో ఒక వాక్యం పనికొస్తుంది. ఎందుకో నాకు తెలీదు, పనికి మాత్రం వస్తుంది.

రోజువారీ పని, ఆపాల్సిన చోటు

తిరగరాతకు పెద్ద పెద్ద టైమ్ స్లాట్లు పెట్టుకోకండి. 'ఆదివారం మొత్తం కథ దిద్దుతా' అనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ కాదు. ఒక పూటకు ఒకే పని పెట్టుకోండి, అదీ వాక్యంగా రాసుకోండి. 'కథ బాగుచెయ్యాలి' అన్నది పని కాదు. 'రెండో సీనులో సుజాత అబద్ధం మొదటిసారి ఎక్కడ చెప్తుందో తేల్చాలి' అన్నది పని. లేచే ముందు రేపటి పని కూడా ఫైలు మొదట్లోనే ఒక వాక్యం రాసి లేవండి, మర్నాడు తెరవగానే కథ మొదటి పేరా కాకుండా అదే కనిపించేలా.

పైవన్నీ చేసి, నిర్ణయమూ తీసుకుని, అయినా ఆ సీను రాయబుద్ధి కావట్లేదంటే కథను డ్రాయర్లో పెట్టేయండి. దాంట్లో అవమానమేమీ లేదు. ప్రశ్నలూ జవాబులూ రాసుకున్న కాగితాన్ని మాత్రం దాంతో పాటే ఉంచండి, ఎప్పుడైనా తీస్తే మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాల్సిన పని ఉండదు.

ఇక చాలు అని తెలుసుకోవడం ఇంతకంటే తేలిక. నిన్న తీసిన కామాను ఇవాళ మళ్ళీ పెడుతున్నారంటే కథ విషయంలో చేయాల్సింది అయిపోయింది. ఆ తర్వాత మిగిలింది అచ్చుతప్పులు. వాటి కోసం చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి వెనక్కి చదువుకుంటూ రండి, కథలో పడి కొట్టుకుపోకుండా అక్షరాలు కనిపిస్తాయి. పాత్రల పేర్లు మధ్యలో మారాయేమో ఫైండ్‌లో కొట్టి చూడండి. సుజాతకు మొదటి డ్రాఫ్టులో వేరే పేరుండేది, పాత పేరు ఎక్కడో ఒకచోట నక్కి ఉంటుంది. అది కూడా మార్చాక ఫైలును పీడీఎఫ్ చేసి పంపించెయ్యండి.